మన వ్యాపారానికి మనమే మార్కులు వేసుకుంటే: చిన్న మెంబర్‌షిప్ వ్యాపారంలో స్వీయ మదింపు

మావి నెలవారీ ఫీజుతో నడిచే యోగా తరగతులు. ఏళ్లుగా మూడు నెలలకోసారి మా పనిని మేమే మదింపు చేసుకుంటున్నాం. ఈ పద్ధతి పనికొస్తుందా అంటే వస్తుంది. కాకపోతే చాలామంది మొదలుపెట్టే చోట మొదలుపెడితే రాదు.

చాలామంది స్వాట్‌తో మొదలుపెడతారు. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని నాలుగు గళ్లు గీసి నింపుతారు. మా బలాల గడిలో ప్రతిసారీ 'మంచి టీచర్లు' అని ఉండేది. మాకు పోటీగా ఉన్నవాళ్లు రాసుకున్నా అదే రాస్తారు. గళ్లన్నీ నిండాక కూడా రేపటి నుంచి ఏం మార్చాలో తేలదు. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులేసుకునే పట్టికలైతే ఇంకా సుఖం, అన్నిటికీ 4 వేసుకుని ఇంటికెళ్లిపోవచ్చు.

మాకు నిజంగా అక్కరకొచ్చింది రెన్యువల్ రిజిస్టరే. నెల మొదట్లో ఉన్న సభ్యుల్లో ఆ నెల ఎంత శాతం మానేశారన్నది చూస్తాం. దీన్ని చర్న్ అంటారు. నెలకి 5 శాతమంటే పెద్ద విషయంలా అనిపించదు. కానీ అదే వరసలో పోతే ఏడాది తిరిగేసరికి 100 మందిలో మిగిలేది 54 మంది. నెలనెలా కొత్తగా 10 మంది చేరుతున్నా సరే, ఎన్నేళ్లు నడిపినా సభ్యుల సంఖ్య 200 దాటదు. 200లో 5 శాతం అంటే సరిగ్గా ఆ పదిమందే కదా! చర్న్‌ని 4 శాతానికి దించితే, ప్రకటనల ఖర్చు పెంచకుండానే 250 దాకా వెళ్లొచ్చు. 'ఇంత కష్టపడుతున్నా ఎందుకు పెరగట్లేదు' అని టెన్షన్ పడేవాళ్లు ముందు నెలకి చేరేవాళ్ల సంఖ్యని చర్న్ శాతంతో భాగించి చూడాలి.

తర్వాత మానేసినవాళ్లని విడగొట్టి చూశాం. కొందరు అసలు మానేయలేదు, కార్డు గడువు తీరిపోయి ఫీజు కట్ కాలేదంతే. గడువుకి ముందే ఒక మెసేజ్ పంపితే ఆ గొడవ చాలావరకు తీరిపోతుంది. మిగతావాళ్ల హాజరు తిరగేస్తే, ఫీజు ఆపడానికి చాలా ముందే తరగతికి రావడం ఆపేశారని కనిపించింది. అందుకని ఇప్పుడు ఫీజు కన్నా హాజరు మీదే కన్నేసి ఉంచుతాం. రెండు వారాలు కనబడకపోతే ఫోన్ చేస్తాం. దీనికో ఇబ్బంది ఉంది. 'అయ్యో, ఇంకా డబ్బులు కట్ అవుతున్నాయా' అని కొందరు ఆ ఫోన్‌లోనే మానేస్తారు. రాకపోయినా డబ్బు కట్టేవాళ్లని కదపడం దేనికని మా పార్ట్‌నర్ గొణుగుతుంటారు. రానివాళ్లని లెక్కలో పెట్టుకుని కొత్త బ్యాచ్ తెరిచే ధైర్యం మాత్రం నాకు లేదు.

నెట్ ప్రమోటర్ స్కోర్ కూడా వాడి చూశాం. 2003లో వ్యాపార సలహాదారు ఫ్రెడ్ రైకెల్డ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. 'మమ్మల్ని మీ స్నేహితులకి సిఫార్సు చేస్తారా' అని అడిగి 0 నుంచి 10 దాకా అంకె వేయమంటారు. 9, 10 వేసినవాళ్ల శాతం లోంచి 6, అంతకన్నా తక్కువ వేసినవాళ్ల శాతం తీసేయాలి. మా అంత చిన్న వ్యాపారాలకి ఇది కుదరదు. జవాబిచ్చిన 30 మందిలో ఒక్కరు 9 నుంచి 6కి దిగితే స్కోరు దాదాపు 7 పాయింట్లు పడిపోతుంది. ఆ మనిషికి ఆ రోజు పార్కింగ్ దొరక్కపోయినా చాలు. స్కోరు వదిలేశాం, దాని కింద 'ఎందుకు' అన్న ప్రశ్న మాత్రం ఉంచుకున్నాం.

లాభాపేక్ష లేని సంస్థల కోసం మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రకర్ 1993లో ఐదు ప్రశ్నలతో ఒక స్వీయ మదింపు పద్ధతి తెచ్చారు. మన లక్ష్యం ఏంటి, మన కస్టమర్ ఎవరు, వాళ్లు దేనికి విలువిస్తారు, మన ఫలితాలేంటి, మన ప్రణాళిక ఏంటి. వ్యాపారానికీ బాగానే పనికొస్తాయి. మూడోదానికి జవాబు మనం కూర్చుని రాసేది కాదు, సభ్యులనే అడగాలి. వారాంతపు ప్రత్యేక తరగతుల వల్లే వాళ్లు నిలబడుతున్నారని మా నమ్మకం. వాళ్లు చెప్పింది వేరు: తరగతి టైముకి మొదలవుతుంది, బ్యాచ్‌లో స్నేహాలు కుదిరాయి. ప్రత్యేక తరగతులు ఆపేశాం. ఎందుకు ఆపారని అడిగినవాళ్లు ఒకరిద్దరే. టీచర్లకి అలా మిగిలిన సమయాన్ని కొత్తవాళ్ల మొదటి నెలకి మళ్లించాం.

సభ్యులు ఇరవై మందే ఉంటే ఈ శాతాల జోలికి పోవద్దు. ఒక్కరు మానేస్తే అదే 5 శాతం, అందరితో నేరుగా మాట్లాడటమే నయం. ఏడాది ఫీజు ఒకేసారి తీసుకునేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. అలా కట్టినవాళ్లు మధ్యలో మానేసినట్టు లెక్కకి రారు కాబట్టి చర్న్ బాగా తగ్గినట్టు కనిపిస్తుంది, అసలు సంగతి రెన్యువల్ నెలలోనే తెలుస్తుంది. మేం వాళ్ల లెక్క వేరే పేజీలో రాస్తున్నాం.