ఎరుపు మీద తెలుపు: ఎనిమిదేళ్ల డెకాల్స్ అనుభవం

విశాఖ బీచ్ రోడ్డులో తిరిగేవాళ్లకి నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా నుంచి లేచే చేతక్ హెలికాప్టర్ కొత్త కాదు. నెత్తి మీదుగా వెళ్లిందంటే పక్కవాడి మాట వినపడదు. నాకు విమానాల బుల్లి మోడల్స్ కట్టే పిచ్చి పట్టింది దాన్ని చూసే. ఆ తర్వాత 1930ల నాటి రేసు విమానాల పిచ్చి కూడా తోడైంది. ఎనిమిదేళ్లలో 1/72 స్కేలులో, అంటే అసలు సైజులో 72వ వంతులో, ఈ రెండు రకాలకీ కలిపి ముప్పై షీట్ల పైనే డెకాల్స్ (మోడల్ మీదికి జార్చి అంటించే పల్చటి బొమ్మలు, అక్షరాలు) నీళ్లలో నానబెట్టి ఉంటాను. మా అమ్మ మాత్రం "బొట్టుబిళ్ల అంటించడానికి ఇంత హంగామా ఏంట్రా" అంటుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తా. షీటు మీద బొమ్మ ఎంత ముచ్చటగా ఉందో చూసి కొనకండి. రేసు విమానానికైతే తెల్ల ఇంకు ఎంత చిక్కగా పడిందో చూడండి, హెలికాప్టర్‌కైతే ఆ ఇంకుని మోసే పారదర్శకమైన పొర, అదే ఫిల్మ్, ఎంత పల్చగా ఉందో చూడండి.

తెలుపు సంగతి నాకు నేర్పింది డీహెచ్ 88 కామెట్ అనే రేసు విమానం. 1934 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్ దాకా జరిగిన రేసులో స్కాట్, క్యాంప్‌బెల్ బ్లాక్ దీన్ని నడిపి దాదాపు 71 గంటల్లో గెలిచారు. తప్పనిసరిగా దిగాల్సిన ఐదు ఊళ్లలో మన అలహాబాద్ ఒకటి. ఒళ్లంతా ఎరుపు, దాని మీద తెల్లగా జీ-ఏసీఎస్ఎస్ అనే రిజిస్ట్రేషన్. అసలు విమానం రెక్కల పొడవు 13.4 మీటర్లు, నా బల్ల మీద 18.6 సెంటీమీటర్లు. కిట్‌తో వచ్చిన డెకాల్స్ కాగితం మీద ఉన్నప్పుడు మల్లెపువ్వులా ఉన్నాయి. ఎరుపు మీదకి జారగానే రోజ్ మిల్క్ రంగుకి తిరిగాయి. కింది రంగు పైకి కనిపిస్తోంది, అంతే. ఆరితే తెల్లబడుతుందేమోనని రాత్రంతా ఆగాను. పొద్దున లేచి చూస్తే అదే రోజ్ మిల్క్.

ఇంట్లో ప్రింట్ చేసుకోవచ్చు కదా అంటారు. నేనూ అదే అనుకున్నా. మామూలు ప్రింటర్‌లో తెల్ల ఇంకే ఉండదు. తెల్ల డెకాల్ పేపర్ తెచ్చి, అక్షరాల చుట్టూ ఎరుపు కొట్టించి అంటించాను. ప్రింటర్ ఎరుపు, నేను వేసిన పెయింట్ ఎరుపు జన్మలో కలవలేదు, రెక్క మీద అతుకేసినట్టు కనిపించింది. చివరికి పని జరిగింది స్క్రీన్ ప్రింటింగ్ షీటుతో. అందులో ఒక్కో రంగూ విడిగా పడుతుంది కాబట్టి తెలుపు చిక్కగా ఉంటుంది. అది దొరకకపోతే ఒకే షీటు రెండు కొని, మొదటిది బాగా ఆరాక సరిగ్గా దాని మీదే రెండోది వేయండి. చెయ్యి వణకకూడదు మరి. రెక్క మీది పెద్ద అక్షరాలకైతే ఇప్పుడు నేను డెకాల్ జోలికే పోవడం లేదు, అక్షరాల ఆకారంలో కోసిన వినైల్ స్టిక్కర్ (మాస్క్) అడ్డుపెట్టి తెలుపు స్ప్రే చేస్తున్నాను.

హెలికాప్టర్ బాధ వేరు. చేతక్ అంటే ఫ్రెంచివాళ్ల అలూయెట్ 3, మన హెచ్ఏఎల్ లైసెన్సు మీద కట్టింది. ముందంతా అద్దం, వెనక సన్నబడుతూ పోయే తోక. చదునైన చోటు వెతుక్కోవాలి. ఫిల్మ్ మందంగా ఉంటే అంచు గీతలా పైకి తేలుతుంది. మన వృత్తాకార గుర్తులో బయట కాషాయం, మధ్యలో తెలుపు, నడిమధ్య ఆకుపచ్చ చుక్క. నాకొచ్చిన ఒక షీటులో ఆ చుక్క అర మిల్లీమీటరు పక్కకి జరిగింది. అంతేనా అనకండి, అసలు హెలికాప్టర్ మీద లెక్కేస్తే మూడున్నర సెంటీమీటర్ల పైనే! ఒక పక్కకి చూస్తున్న కంటిలా ఉంది.

అంటించడంలో నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. ముందు మెరిసే గ్లాసీ వార్నిష్ కోటు, అది ఆరాక కింద మైక్రో సెట్ (డెకాల్ బాగా పట్టుకోవడానికి వాడే ద్రవం), డెకాల్ సర్దాక పైన మైక్రో సోల్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రవం). మైక్రో సోల్ పడిన కొన్ని నిమిషాలకి డెకాల్ ముడతలు పడుతుంది. భయపడక్కర్లేదు, ఆరుతూ దానంతటదే సర్దుకుని ప్యానెల్ గీతల్లోకి దిగుతుంది. ఈ ముక్క తెలిసి కూడా మొదటి చేతక్ తోక మీద ‘నేవీ’ అనే ఇంగ్లీషు అక్షరాల ముడత తీద్దామని బ్రష్ ఆనించాను. మూడో అక్షరం రెండు ముక్కలైంది. సన్న బ్రష్‌తో తెలుపు పెట్టి అతికించాను కానీ తెలిసినవాడి చూపు సూటిగా అక్కడికే పోతుంది. మెరుపు లేని మ్యాట్ పెయింట్ మీద నేరుగా అంటిస్తే ఇంకో తంటా, ఫిల్మ్ కింద గాలి చిక్కుకుని వెండి పూసినట్టు మెరుస్తుంది. బోరు నీళ్లయితే ఆరాక తెల్లటి మరకలు. నేను బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే వాడతాను.

ఎనిమిదేళ్లలో ఏవి నిలిచాయంటే, పైన వార్నిష్ పడినవన్నీ బాగున్నాయి. బద్ధకించి వదిలేసిన రెండు మోడల్స్‌కి ఈ సముద్రపు తేమలో అంచులు లేచాయి. పాత షీట్లు పసుపెక్కితే పాలిథీన్ కవర్లో పెట్టి ఎండపడే కిటికీ అద్దానికి కొన్నాళ్లు అంటించండి, చాలావరకు తెల్లబడతాయి. పాత షీటులో పనికిరాని ముక్క ఒకటి ముందు నానబెట్టి చూడండి. అది ముక్కలు ముక్కలైతే మిగతా షీటు మీద లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ ఒక పూత వేస్తే బతుకుతుంది. కాకపోతే ఆ పూత వేశాక ప్రతి బొమ్మనీ అంచు వెంబడి విడిగా కత్తిరించుకోవాలి.

ఇప్పుడు బల్ల మీద జీ బీ ఆర్-1 ఉంది. 1932లో అమెరికా పైలట్ జిమ్మీ డూలిటిల్ థాంప్సన్ ట్రోఫీ విమానాల రేసు గెలిచిన పీపా లాంటి విమానం. దాని ఎర్ర అలల డిజైనుకి షీటులో డెకాల్స్ ఇచ్చారు కానీ ఆ గుండ్రటి ఒంటి మీద అవి సాఫీగా పడతాయన్న నమ్మకం నాకు లేదు. తెల్ల విమానం మీద ఎరుపు నేనే వేస్తాను. షీటులోంచి తీసుకునేది రేసు నంబరు 11, రెక్క మీది అక్షరాలు, అంతే.