రాయల్ గాలానా, ఎన్వీనా?

న్యూజిలాండ్ హాక్స్ బేలో ఆపిల్ తోట వేసే రైతుకి రాయల్ గాలా రకం అయితే అనుమతి అడిగేవాళ్లు లేరు. మొక్క ఎవరైనా నాటుకోవచ్చు. చిక్కల్లా, అదే పండు చిలీలోనూ విరగకాస్తుంది, దాంతో ధర పడిపోతుంది.

ఎన్వీ కథ వేరు. గాలా, బ్రేబర్న్ రకాలను కలిపి న్యూజిలాండ్‌లోనే పుట్టించిన దీనికి లైసెన్సు కావాలి. ఏ రంగు, ఏ సైజు కాయకి ఆ స్టిక్కర్ పడాలో హక్కుదారు కంపెనీదే మాట. ముక్కలు కోసిపెట్టినా త్వరగా నల్లబడదు, అందుకే హైదరాబాద్ షాపుల్లోనూ మామూలుగా గాలా కన్నా ఖరీదు.

2001 దాకా ఎగుమతి దాదాపు ఒకే సంస్థ గుప్పిట్లో ఉండేది. అది వదిలాక మళ్లీ ఒక కంపెనీ చెప్పినట్టు వినడం కొందరికి మింగుడుపడదు. నన్నడిగితే, పెట్టుబడికి తట్టుకోగలిగితే ఎన్వీనే. ఫిబ్రవరిలోనే కోత మొదలై డబ్బు చేతికి రావాలంటే మాత్రం గాలా.