ట్రఫుల్ ఫ్లేవర్ చిప్స్: చాలాకాలం తిన్నాక

బ్లాక్ ట్రఫుల్, సీ సాల్ట్ అని రాసి ఉండే చిప్స్ చాలాకాలంగా కొంటున్నాను. కంపెనీలు మార్చాను గానీ ఫ్లేవర్ మార్చలేదు. ఇప్పటికీ తింటాను, అయితే మొదట్లో ఉన్న మోజు లేదు.

ప్యాకెట్ చించగానే వాసన గుప్పుమంటుంది. వెల్లుల్లి, తడి మట్టి, ఆ వెనకే గ్యాస్ లీకైనట్టు ఒక ఘాటు. మా ఇంట్లో ఒకరు అప్పుడే లేచి పక్క గదిలోకి వెళ్లిపోతారు. ట్రఫుల్ అంటే నేలలోపల చెట్ల వేళ్లను పట్టుకుని పెరిగే పుట్టగొడుగు జాతి. ప్యాకెట్ వెనక చూస్తే దాని పొడి జాబితా చివర్లో, ఉప్పు కంటే కిందనే కనిపిస్తుంది. అదీ చాలావాటిలో ట్యూబర్ ఈస్టివమ్, అంటే వాసన తక్కువుండే వేసవి రకం. దాని పక్కనే ‘ఫ్లేవరింగ్’ అనే మాట ఉంటుంది, ఘాటంతా దాని పుణ్యమే అనుకుంటాను. ట్రఫుల్ నూనెల్లో మామూలుగా కలిపేది 2,4-డైథయాపెంటేన్ అనే గంధకపు పదార్థం. అసలుకి అది తెల్ల ట్రఫుల్ వాసన. నల్ల ట్రఫుల్ బొమ్మ ఉన్న ఈ చిప్స్‌లో నా ముక్కుకి తగిలేదీ ఆ నూనె వాసనే.

కరకర విషయంలో మాత్రం వంక పెట్టలేం. ఇవి కెటిల్ రకం. ముక్కలు మందంగా తరిగి, వాయిలు వాయిలుగా వేయిస్తారు. పచ్చి ముక్కలు పడగానే నూనె వేడి తగ్గి మళ్లీ మెల్లగా పెరుగుతుంది కాబట్టి వేగడానికి ఎక్కువసేపు పడుతుంది, ముక్క గట్టిపడుతుంది. నేను ముందు ఏరుకునేది మడత పడ్డవాటిని. మసాలా పొడంతా ఆ మడతలో చేరుతుంది. దుంపలోని చక్కెర మాడి అంచు ఎర్రబడితే ఇంకా మంచిది, ఆ చిరుచేదు ట్రఫుల్‌కి బాగా నప్పుతుంది.

రుచికొస్తే ముందు ఉప్పు, తర్వాత ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చే కమ్మదనం, చివర్లో కాస్త తీపి. గుప్పెడు తినేసరికి బంగాళాదుంప రుచి ఎటుపోయిందో తెలియదు. సబ్బుతో కడుక్కున్నా వేళ్లకి వాసన పోదు, త్రేన్పుల సంగతి సరేసరి.

పెద్ద ప్యాకెట్ జోలికి వెళ్లకండి. క్లిప్పు పెట్టి దాచినా మర్నాటికి ఘాటు దిగిపోయి ఉప్పు మిగులుతుంది. నలుగురు కూర్చుని చిన్న ప్యాకెట్ పంచుకుంటే సరదాగా ఉంటుంది, ఒక్కరే ఖాళీ చేస్తే వెగటు.

5కి 3 ఇస్తాను. అదే కంపెనీల ఉత్త ఉప్పు చిప్స్‌కైతే నాలుగున్నర.