యెల్లోస్టోన్‌కి పెద్దవాళ్లతో: ఆర్వీ మేలా, కారూ గదీ మేలా?

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో అమెరికా వచ్చారంటే యెల్లోస్టోన్ నేషనల్ పార్కు మాట రాక మానదు. ఆ వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు "ఆర్వీ (మంచాలు, వంటగది, బాత్రూమ్ ఉండే బండి) తీసుకుంటే పోలా, హోటల్ ఖర్చు మిగులుతుంది" అంటారు. మిగలదు. ఆ ఆశ ముందే వదిలేసుకుంటే మిగతా లెక్క తేలిక.

సాల్ట్ లేక్ సిటీలో బండి తీసుకుని పార్కు పడమటి గేటు దగ్గరి ఊరు వెస్ట్ యెల్లోస్టోన్ దాకా సుమారు 320 మైళ్లు. పార్కు లోపల చుట్టి వచ్చే రోడ్డు, గ్రాండ్ లూప్, 142 మైళ్లు. అక్కణ్నుంచి దక్షిణాన ఉన్న గ్రాండ్ టీటన్ పార్కు, జాక్సన్ ఊరు మీదుగా వెనక్కి. మధ్యలో తిరుగుళ్లన్నీ కలిపితే వెయ్యి మైళ్లకు అటూ ఇటూ. గ్యాలన్‌కి 8 నుంచి 10 మైళ్లు ఇచ్చే ఆర్వీకి దీనికి 100 నుంచి 125 గ్యాలన్ల పెట్రోలు పడుతుంది. అదే మినీవ్యాన్ అయితే 45 గ్యాలన్లతో పని అయిపోతుంది. అద్దె కాక మైలుకింత, జనరేటర్ నడిపిన గంటకింత అని చాలా కంపెనీలు విడిగా వేస్తాయి. రాత్రికి క్యాంప్‌గ్రౌండ్ రుసుము ఎలాగూ ఉంది.

మరి డబ్బు కోసం కాకపోతే ఎందుకు? నా లెక్కలో రెండే కారణాలు: వంటగది, బాత్రూమ్.

బాత్రూమ్ సంగతి ముందు. యెల్లోస్టోన్‌లో చాలా చోట్ల ఉండేవి నీళ్లు రాని గుంట మరుగుదొడ్లు. చేతులు కడుక్కోవడానికి శానిటైజర్ సీసా ఉంటే అదే భాగ్యం. షుగరు ఉండి గంటకోసారి వెళ్లాల్సిన పెద్దాయనకీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకీ అక్కడ క్యూలో నిలబడటం నరకం. దారిలో అడవిదున్నలు (బైసన్లు) రోడ్డెక్కితే ట్రాఫిక్ అరగంట కదలకపోవచ్చు. అప్పుడు వెనకే సొంత బాత్రూమ్, ఒక చెంబూ ఉంటే పెద్దవాళ్ల ముఖాల్లో కనిపించే నిశ్చింతకు ఖరీదు కట్టలేం.

వంటగది సంగతి కొంచెం చిక్కు. పార్కులో చాలా భాగం 7,500 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు సుమారు 92 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు పెడితే మధ్యాహ్నం దాటినా పలుకు పోదు, ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం బిరుసుగా వస్తుంది. విజిల్ వేసే ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. పోపు పెట్టేముందు ఫ్యాన్ వేసి కిటికీలు తీయండి, లేకపోతే పొయ్యికి దగ్గర్లోనే ఉన్న పొగ అలారం క్యాంప్‌గ్రౌండంతా లేపుతుంది. ఎండుమిరపకాయ వేగిందంటే చెప్పనక్కర్లేదు. బండికి వచ్చే కరెంటు మామూలుగా 30 యాంపులు, అంటే 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, ఎలక్ట్రిక్ కుక్కర్ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. ఇంత కష్టమైనా, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ (వేడినీళ్లు పైకి చిమ్మే ఊట) పార్కింగ్‌లో వేడి అన్నం, ఆవకాయ తినగలగడం కారు ప్రయాణంలో కుదరదు. పార్కు లోపలి లాడ్జి గదుల్లో వంటగది ఉండదు. శాకాహారులైన పెద్దవాళ్లకు అక్కడి రెస్టారెంట్లలో మూడో రోజుకే సలాడ్ మీద విరక్తి పుడుతుంది.

ఇక ఆర్వీ ఎలాంటిది? పెళ్లైన కొత్త జంట అయితే లోపల పడక ఉండే క్యాంపర్ వ్యాన్ చాలు. నడపడం తేలిక, ఎక్కడైనా ఆగుతుంది. ఆరుగురికి అది పనికిరాదు. చాలా వ్యాన్లలో సీటుబెల్టులే అన్ని ఉండవు, పిల్లల కారు సీటు బిగించే చోటు ఉందో లేదో కూడా చూసుకోవాలి. పెద్ద కుటుంబాలకు మిగిలేది డ్రైవర్ నెత్తిమీద మంచం ఉండే క్లాస్ సీ. అందులో 30 అడుగులది ఇంటర్నెట్ ఫొటోల్లో రాజభవనంలా కనిపిస్తుంది. నా ఓటు మాత్రం 25 అడుగులదానికే. మిడ్‌వే గీజర్ బేసిన్ లాంటి చోట్ల వేసవిలో పొద్దున తొమ్మిది దాటితే కార్లకే చోటు దొరకదు. 30 అడుగుల బండి పట్టుకుని మూడు చుట్లు తిరిగి, అక్కడి గ్రాండ్ ప్రిస్మాటిక్ వేడినీటి మడుగు చూడకుండానే వెళ్లిపోయేవాళ్లుంటారు.

నిద్ర గురించి ఒక మాట. పైమంచం ఎక్కడానికి నిచ్చెన ఉంటుంది కాబట్టి అది మీకు, వెనక మంచం పెద్దవాళ్లకు, భోజనాల బల్ల మడిస్తే వచ్చేది పిల్లలకు. నాన్నగారు నాలుగున్నరకు లేచి కాఫీ అడిగే మనిషైతే మొత్తం ఇల్లు నాలుగున్నరకే లేస్తుంది.

కారు, గది పద్ధతికి ఉన్న గట్టి బలం డ్రైవరు అంతగా అలసిపోకపోవడం. జాక్సన్ దగ్గరి టీటన్ పాస్ అనే కనుమ మీద రోడ్డు వాలు 10 శాతం. అలాంటి చోట బరువైన బండిని బ్రేకు మీదే దింపితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. చిన్న గేరులో, ఇంజను పట్టు మీద దిగాలి. అది తెలియని మనిషి ఒక్కడే వెయ్యి మైళ్లూ నడపాలంటే సెలవు కాస్తా డ్యూటీ అవుతుంది. పైగా ఆరుగురు వాడితే మురుగు ట్యాంకు రెండు మూడు రోజులకే నిండుతుంది. గ్లవ్స్ వేసుకుని గొట్టం తగిలించి డంప్ స్టేషన్‌లో ఖాళీ చేసేది ఎవరో ఇంటి దగ్గరే తేల్చుకోండి. ఆ ప్రశ్నకు ఎవరూ చెయ్యెత్తకపోతే మినీవ్యాన్ తీసుకుని వెస్ట్ యెల్లోస్టోన్‌లో వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోవడమే నయం. అక్కణ్నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ 30 మైళ్లు, రోజూ పోయి రావచ్చు. ఆ ఊరి ఎత్తు 6,667 అడుగులు, పార్కు లోపలి సరస్సు ఒడ్డు కంటే దాదాపు 1,000 అడుగులు తక్కువ. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు రాత్రిళ్లు అక్కడ పడుకోవడమే మంచిది. బయల్దేరేముందు డాక్టర్నీ ఒకమాట అడగండి.

యెల్లోస్టోన్ కాక మోంటానాలోని గ్లేసియర్ పార్కుకి వెళ్తే మాత్రం తర్జనభర్జన అక్కర్లేదు. అక్కడ చూడాల్సిందే గోయింగ్ టు ది సన్ రోడ్డు. దాని కొండ భాగంలో బంపర్లతో కలిపి 21 అడుగుల పొడవు, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటిన బండిని రానివ్వరు. అద్దెకు దొరికే క్లాస్ సీలు దాదాపు అన్నీ అక్కడే ఆగిపోతాయి. పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో కరెంటు కనెక్షన్ కూడా లేదు. గ్లేసియర్‌కి కారే. ఆర్వీతో వెళ్లి తీరాలనుకుంటే దాన్ని కింద వదిలి, పైకప్పు తెరిచే పాతకాలపు ఎర్ర బస్సుల్లో టికెట్లు కొనుక్కోవాలి. పెద్దవాళ్లకు అది కూడా బాగానే ఉంటుంది.

యెల్లోస్టోన్‌కి ఆర్వీయే అని తేల్చుకుంటే ముందు బండి బుక్ చేయకండి, రాత్రులు బుక్ చేయండి. పార్కు లోపల నీళ్లు, కరెంటు, మురుగు మూడూ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. గ్రిజ్లీ ఎలుగులు తిరిగే చోటు కాబట్టి అక్కడ గుడారాలు వేయనివ్వరు, గట్టి గోడల బండ్లకే అనుమతి. దక్షిణంగా గ్రాండ్ టీటన్‌లో కోల్టర్ బే ఆర్వీ పార్కులోనూ మూడు సౌకర్యాలూ ఉన్నాయి. ఈ రెండూ నెలల ముందే నిండిపోతాయి. ఏ రాత్రి ఎక్కడ చోటు దొరికిందో దాన్ని బట్టి దారి గీసుకుని, ఆ తర్వాతే బండి తేదీలు ఖాయం చేసుకోండి. రెండింటిలో ఏదీ దొరకకపోతే ఇంకో ఆలోచన లేకుండా మినీవ్యానే.

బండి చేతికొచ్చిన రోజే కొండెక్కకండి. మొదటి రాత్రి సాల్ట్ లేక్ చుట్టుపక్కలే ఏదైనా ఆర్వీ పార్కులో ఆగండి. ఏ గొట్టం దేనికో, ఏ స్విచ్ ఎక్కడుందో చూసుకుని, బియ్యం, పప్పు, పెరుగు ఊళ్లోని ఇండియన్ స్టోర్‌లో తీసుకుని పొద్దున్నే బయల్దేరండి. పార్కులో చీకటి పడ్డాక బండి నడపొద్దు, ముదురు రంగు అడవిదున్న రోడ్డు మధ్యలో నిలబడితే హెడ్‌లైట్ మీద పడేదాకా కనిపించదు.