ఇన్‌స్క్రిప్ట్‌తో ఆరేళ్లు: కళ్లు, కల్లు, నిమిషానికి 36 పదాలు

ఇంగ్లిష్ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నాను, హయ్యర్ పరీక్ష పాసయ్యాను. తెలుగు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి మార్చుకునేదాన్ని. రోజుకి పది పేజీల అనువాదం మీద పడేసరికి ఆ అవస్థ చాలనిపించి, తెలుగు అక్షరాలే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుకి మారాను. కంప్యూటర్‌లో ఎలాగూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు.

మొదటి వారం నిమిషానికి 8 పదాలు. ఏడుపొక్కటే తక్కువ. మూడో నెలకి 22. ఇప్పుడు 36 దగ్గర ఆగింది.

ఈ అంకెల్లో ఒక తిరకాసుంది. టైపింగ్ లెక్కలో పదమంటే ఐదు కీ నొక్కులు. ‘స్త్రీ’కి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు. అంటే ఒక్క అక్షరం కొడితే పదం పైచిలుకు నా ఖాతాలో పడుతుంది. ఒత్తులున్న పేరా ఇస్తే ఒక వేగం, లేనిది ఇస్తే ఇంకో వేగం. అందుకే పక్కవాళ్లతో పోల్చుకోవడం మానేశాను. నెలకోసారి ఆనాటి పేపర్లో సంపాదకీయం ముందేసుకుని పది నిమిషాలు కొడతాను. పాత పేరా పనికిరాదు, వేళ్లకి కంఠతా వచ్చేస్తుంది.

అచ్చుల గుర్తులు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. ‘తెలుగు’ కొట్టి చూడండి: కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఇద్దరు ఒకే రోట్లో మార్చి మార్చి పోటు వేసినట్టుంటుంది. ఆ హాయి కోసమే ఆరేళ్లు అంటిపెట్టుకున్నాను.

బాధంతా కుడి చిటికెన వేలిది. చ, ట, జ, డ అన్నీ దాని నెత్తినే. డ అయితే పైకీ పక్కకీ సాగాలి. వచ్చాడు, చూశాడు, వెళ్లాడు... మగవాళ్ల గురించి ఎక్కువ రాసిన రోజు వేలు లాగేస్తుంది.

నా కచ్చితత్వం చాలాకాలం 93 శాతం. వినడానికి బాగానే ఉంటుంది గానీ, దాదాపు ప్రతి మూడు పదాలకీ ఒక తప్పు. తెలుగులో తప్పు దిద్దడమూ ఖరీదే. ‘స్త్రీ’లో త తప్పితే కర్సర్ అక్షరం లోపలికి దూరదు. చివర్నుంచి ఒక్కొక్కటీ చెరుపుకుంటూ రావాలి.

అసలు దెబ్బ షిఫ్ట్ దగ్గర తగిలింది. ల, ళ ఒకే కీ మీద ఉంటాయి. ఒక కంటి శిబిరం కరపత్రంలో ‘నలభై దాటినవాళ్లు కళ్లు చూపించుకోండి’ అని రాయబోయి కల్లు చూపించుకోమన్నాను. కల్లు కూడా మాటే కాబట్టి స్పెల్‌చెక్ కిమ్మనలేదు. షిఫ్ట్ వదలడం ఆలస్యమైతే ఇంకో గొడవ, పొల్లు బదులు అదే కీ మీదున్న అ పడి ‘కళఅలు’ అవుతుంది. కారణం వెతికితే, కుడి చేత్తో ళ కొడుతూ షిఫ్ట్‌కీ కుడి చిటికెన వేలే వాడుతున్నాను. ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు స్కేలుతో కొట్టి మాన్పించిన అలవాటే!

ఒక నెల కావాలని వేగం 25కి దించి, ఎడమ షిఫ్ట్‌తో రోజూ పొద్దున్నే నీళ్లు, పళ్లు, ఊళ్లు, పెళ్లి అని ఐదు నిమిషాలు కొట్టాను. కచ్చితత్వం 98కి వచ్చింది. వేగం దానంతటదే తిరిగొచ్చింది, పేజీ ముందుకన్నా త్వరగా అవుతోంది.

వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాసేవాళ్లకి ఇంత తంటా అక్కర్లేదు. రోజూ పేజీలు నింపేవాళ్లు రెండు నెలలు ఓర్చుకోండి. కీల మీద తెలుగు స్టిక్కర్లు మాత్రం అంటించకండి, నేను అంటించి కళ్లు కిందికే అలవాటు చేసుకున్నాను. పీకేసి ఐదేళ్లయినా బండి ‘ఱ’ కోసం ఇప్పటికీ కిందికి చూస్తాను, అక్కడేమీ లేకపోయినా.