స్టార్ ట్రెక్: వాయేజర్ డీవీడీ సంపుటి – జేన్‌వే కోసమే కొనవచ్చు

1995 జనవరి నుంచి 2001 మే వరకు ఏడు సీజన్లుగా ప్రసారమైన ఈ అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ ధారావాహికను డీవీడీల్లో మళ్లీ చూడడానికి నాకున్న ప్రధాన కారణం, కేట్ మల్‌గ్రూ పోషించిన కెప్టెన్ క్యాథరిన్ జేన్‌వే పాత్ర. తన అంతరిక్ష నౌక భూమికి దాదాపు 70,000 కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుపోయి, గరిష్ఠ వేగంతో ప్రయాణించినా ఇల్లు చేరడానికి 75 ఏళ్లు పట్టే పరిస్థితిలో, ఉన్న ఒక్క తిరుగుదారినీ పరాయి జాతి రక్షణ కోసం ఆమే మూసివేస్తుంది. ఆ నిర్ణయపు బరువు ఆమె ముఖంలో చివరిదాకా కనిపిస్తుంది. ప్రమాదవశాత్తు ఇద్దరు సిబ్బంది కలిసిపోయి ఏర్పడిన టువిక్స్, తనను బతకనివ్వమని వేడుకుంటున్నా, ఆమె వారిని విడదీసే రెండో సీజన్ కథ ఇప్పటికీ నన్ను కలవరపెడుతుంది. ఆమె చేసింది తప్పేనని నా అభిప్రాయం, అయినా నాయికను అంత నిర్దయగా చూపే ధైర్యం రచయితలకు ఉండడం మెచ్చదగినది. నియమాల విషయంలో మాత్రం ఆమె ఒక కథలో కఠినంగా, మరో కథలో ఉదారంగా ప్రవర్తించడానికి కారణం పాత్ర స్వభావం కన్నా రచనలోని అలసత్వమే అనిపిస్తుంది. ఆమె కాఫీ వ్యామోహం సరదాగా ఉంటుంది. దృశ్య నాణ్యత పాత టెలివిజన్ ప్రమాణంలోనే ఉన్నందున, పెద్ద తెరపై బొమ్మ మసకగా కనిపిస్తుంది.