ఘాట్‌లోనే మిస్సింగ్ కొట్టే బండికి సిమిలిగుడలో బోర్డు లేని షెడ్డు

ముందే చెప్తున్నాను. కూర్చోడానికి కుర్చీ ఉండదు, మేస్త్రి బిల్లు ఇవ్వడు, కుందులి సంత రోజున షెడ్డు తెరవడు. అయినా అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

నాది చిన్న పెట్రోల్ పికప్, నాలుగు సిలిండర్లు. ఒడిశాలోని సిమిలిగుడ నుంచి అల్లం, క్యాబేజీ సాలూరుకి దింపుతాను. తిరుగు లోడు సిమెంటో, కోడిగుడ్లో, ఏది దొరికితే అది. జూలైలో మొదలైంది. సుంకి ఘాట్ ఎక్కుతుంటే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టు రెండు కుదుపులు, మళ్ళీ మామూలే. ఒకరోజు నాలుగుసార్లు వస్తే, తరవాత మూడు రోజులు ఊసే ఉండదు. కింద ఒక పెద్ద షాపులో నాలుగు ప్లగ్గులూ మార్చారు. ఇంకోచోట ఇంజెక్టర్లు కడిగారు, పెట్రోల్ ఫిల్టర్ మార్చారు. మొత్తం 7,400 రూపాయలు వదిలాయి. నిలబెట్టి రేజ్ చేస్తే బండి ఎక్కడా తొణకదు మరి. "మీ బండికేం లేదండీ" అని చేతులు తుడుచుకున్నారు. పక్కనే సునాబెడలో 1964లో పెట్టిన ఫ్యాక్టరీ మిగ్ విమానాలకి ఇంజన్లు చేస్తుంటే, మీ డొక్కు బండికి మాత్రం దిక్కులేదని మా ఆవిడ ఎగతాళి.

ఈ షెడ్డు పొట్టంగి రోడ్డులో ఉంది. మేస్త్రి ఒడియా మనిషి, తెలుగు మాత్రం అచ్చం సాలూరు యాస. బానెట్ ఎత్తనే లేదు. "ఎక్కినప్పుడా, దిగినప్పుడా, భాయ్‌నా (అన్నా)? లోడా, ఖాళీయా? వానా, ఎండా?" అన్నాడు. నేను నీళ్ళు నమిలాను. వారం రోజులు రాసి తెమ్మన్నాడు. ఒళ్ళు మండింది. డబ్బులిచ్చి బాగుచేయించుకుందామని వస్తే ఈ వయసులో హోంవర్కా! సరే, కాటా చీటీల వెనక రాశాను. రాశాక నాకే తెలిసింది. తొమ్మిదిసార్లు మిస్ కొడితే తొమ్మిదీ లోడుతో ఎక్కేటప్పుడే, అదీ నేను గేరు దించకుండా బద్ధకంగా మూడులోనే లాగిస్తున్నప్పుడు. వానకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అదే లోడుతో దిగేటప్పుడు ఒక్కసారీ లేదు.

చీటీలు చూసి అతను చెప్పింది నాకు బాగా ఎక్కింది. ఎక్సలేటర్ తొక్కిన కొద్దీ సిలిండర్లో గాలి ఎక్కువ కూరుకుంటుంది. అంత ఒత్తిడిలో ప్లగ్ దగ్గర రవ్వ దూకాలంటే వోల్టేజీ ఎక్కువ కావాలి. పక్కన ఎక్కడైనా దొంగదారి ఉంటే కరెంటు అటే పోతుంది, ఆ దెబ్బకి పెట్రోల్ మండదు. నిలబెట్టిన బండికి అంత అవసరమే రాదు కాబట్టి షాపులో దొరకదు.

మర్నాడు నాతోపాటు సాలూరు దిగాడు. 12 బస్తాల సిమెంటు ఎక్కించాక, డాష్‌బోర్డు కింద స్కానర్ గుచ్చుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. మూడో గేరులోనే లాగమన్నాడు. సుంకి మలుపుల్లో మిస్ కొట్టింది, స్కానర్లో పీ0303 పడింది. అంటే మూడో సిలిండర్ మిస్ కొడుతోందని. నేనైతే అక్కడే దాని కాయిల్ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది) కొనేసేవాణ్ణి. అతను టీ బడ్డీ దగ్గర ఆపించి, ఇంజన్ కాస్త చల్లారాక మూడో కాయిల్ రెండోదానికీ, రెండోది మూడోదానికీ మార్చాడు. కోడ్ చెరిపేసి మళ్ళీ ఎక్కించాడు. ఈసారి పీ0302. తప్పు కాయిల్‌తోపాటే నడిచింది!

అసలు పని షెడ్డుకొచ్చాకే. మూడో ప్లగ్ గుంటలో ఆయిల్ తడి. ఆ ఆయిల్‌కి కాయిల్ కింది రబ్బరు బూటు ఉబ్బిపోయింది. నెల కిందట మార్చిన ప్లగ్ తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు నల్లగీత. కరెంటు పోతున్న దొంగదారి ఆ బూటే, ఈ గీత దాని ఆనవాలు. అక్కడ ప్లగ్గులు మార్చినవాళ్ళు ఆ తడి చూడలేదో, చూసీ ఊరుకున్నారో! ఆయిల్ కారనిస్తున్న టాపెట్ కవర్ సీళ్ళు మార్చకుండా కాయిల్ ఒక్కటే వేస్తే మళ్ళీ ఇదే కథ అన్నాడు.

బూటుతో సహా కాయిల్, ప్లగ్, సీళ్ళు, అతని కూలి 600 కలిపి 3,250 అయ్యింది. ఘాట్ ప్రయాణానికి విడిగా ఏమీ అడగలేదు. పాత సామాన్లు సంచిలో వేసి ఇచ్చాడు. చివాట్లు కూడా పెట్టాడు. ఇంజన్ లైటు మిణుకుమంటుంటే అలాగే లాగించేవాణ్ణి కదా, మండని పెట్రోల్ సైలెన్సర్ లైన్లోకి పోయి పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుందట, అది పోతే కాయిల్ ధరతో సరిపోదట.

ఒక స్టారు ఎందుకు కోశానంటే, సీళ్ళు విజయనగరం నుంచి బస్సులో రావాలని బండిని రెండు రోజులు కూర్చోబెట్టాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. అక్కడ నా అల్లం వాడిపోతోంది.

ఇప్పటికి పదిహేను ట్రిప్పులు తిరిగాను, ఒక్క కుదుపు లేదు. వెళ్ళేవాళ్ళు పొద్దున ఎనిమిదిలోపే వెళ్ళండి, తరవాత లారీలు వరస కడతాయి. ఎప్పుడెప్పుడు మిస్ కొడుతోందో రాసుకుని మరీ వెళ్ళండి, ఎలాగూ అది లేకుండా బానెట్ ఎత్తడు.